తోమియే ఎన్ని సంపుటాలు? పుస్తకాల వారీ పట్టిక మేలా, కథల వారీ పట్టిక మేలా

జపాను రచయిత జుంజి ఇతో కథ రాసి బొమ్మలు గీసిన భయానక చిత్రకథ ‘తోమియే’ ఇంగ్లీషులో ఎన్ని సంపుటాలని అడిగితే ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. 2001లో కామిక్స్‌వన్ వేసినవి రెండు. 2006లో డార్క్ హార్స్ ‘మ్యూజియం ఆఫ్ టెర్రర్’ పేరుతో వేసినవి మూడు, వాటిలో తోమియే ఉన్నవి మొదటి రెండే. 2016 డిసెంబరులో విజ్ మీడియా వేసింది ఒకటి, గట్టి అట్టతో, 752 పేజీలు. మూడు జవాబులూ నిజమే. ఈ మూడింటినీ ఒకే బీరువాలో సర్దుకునేవారు పట్టిక రాయడానికి కూర్చుంటే మొదట తేల్చుకోవలసింది ఒకటుంది. పట్టికలో ఒక్కో వరుస దేనికి కేటాయించాలి, చేతిలో ఉన్న పుస్తకానికా, లోపలి కథకా?

పుస్తకాల వారీ పట్టిక అందరికీ తెలిసినదే. అట్ట వెనక ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) చూసి పేరు, సంపుటం సంఖ్య, ప్రచురణకర్త, ఏడాది రాసుకుంటే ఒక వరుస పూర్తవుతుంది. ఒక్క సాయంత్రంలో వంద పుస్తకాలు ఎక్కించవచ్చు. ఏది ఎవరికి ఎరువిచ్చామో, ఏది పొరపాటున రెండోసారి కొన్నామో, దేని అట్ట ఊడిందో ఇట్టే తెలుస్తుంది. ఆరేళ్లపాటు నేనూ ఇలాగే రాశాను. కొనడానికి, అమ్మడానికి, ఇల్లు మారేటప్పుడు పెట్టెలు లెక్క చూసుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదని ఇప్పటికీ అంటాను.

చిక్కంతా ‘3’ అనే అంకె దగ్గర వచ్చింది. జపానులో అసాహి సోనోరామా సంస్థ 1997-98లో ఇతో భయానక కథలను 16 సంపుటాల వరుసగా వేసింది. అందులో 1, 2 తోమియే. 3వది వేరే కథల సంపుటం. కామిక్స్‌వన్ కూడా అదే వరుసలో నడిచింది: రెండు తోమియేలు, ఆ తర్వాత ‘ఫ్లెష్ కలర్డ్ హారర్’. 2002లో అసాహి సోనోరామాయే ఆ కథలను ‘భయాల ప్రదర్శనశాల’ అనే అర్థం వచ్చే పేరుతో పది సంపుటాలుగా మళ్లీ కూర్చింది. డార్క్ హార్స్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి మూడు వేసి ఆపేసింది. ఇక్కడ కూడా 1, 2 తోమియే, 3 కాదు. అలాగని తోమియేకు మూడో భాగం లేదనుకోవడానికి వీల్లేదు. ‘తోమియే అగైన్’ అనే మూడో భాగం 2001లో జపానులో విడిగా వచ్చింది. ఆ కథలు కామిక్స్‌వన్ రెండు పుస్తకాల్లో లేవు. డార్క్ హార్స్ రెండు పుస్తకాల్లో ఉన్నాయి.

దీన్ని పుస్తకాల వారీ పట్టికలో రాస్తే ఏమవుతుందో చూడండి. కామిక్స్‌వన్ తోమియే 1, 2 రెండూ ఉన్నాయి కాబట్టి అది పూర్తి. పదింటిలో మూడే వచ్చాయి కాబట్టి మ్యూజియం ఆఫ్ టెర్రర్ అసంపూర్ణం. ఒక గ్రంథాలయ పట్టికలో సరిగ్గా ఈ మాటలే రాసి ఉండగా చూశాను. తోమియే చదవాలని వచ్చిన పాఠకుడికి నిజం అటుది ఇటు. ‘పూర్తి’ అని రాసిన చోట చివరి కథలు లేవు, ‘అసంపూర్ణం’ అని రాసిన చోట తోమియే మొదలు నుంచి చివరి దాకా ఉంది. పట్టికలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అయినా దాన్ని నమ్మి పుస్తకం తీసుకున్న మనిషి సగం దారిలో ఆగిపోతాడు. ఆ రోజే కథల వారీ పట్టిక మొదలుపెట్టాను.

తోమియే విషయంలో ఆ పట్టిక కుదిరినట్టు మరొకటి కుదరదు. కారణం ఆ రచన పుట్టిన తీరే. ఇతో దంత సాంకేతికుడిగా పనిచేస్తున్న రోజుల్లో, 1987లో, ‘హాలోవీన్’ అనే మాసపత్రికలో మొదటి కథ వచ్చింది. భయానక చిత్రకథల రచయిత కజువో ఉమెజు పేరిట ఆ పత్రిక పెట్టిన పోటీలో ప్రశంస పొందింది. అక్కడి నుంచి 2000 దాకా, ఎప్పుడు తోస్తే అప్పుడు అన్నట్టుగా, కథ తర్వాత కథ చేరుతూ పోయింది. మొత్తం 20 కథలు. ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త మనుషులు, చంపి ముక్కలు చేసినా తిరిగి పుట్టుకొచ్చే ఆ ఒక్క అమ్మాయి. ‘ఫొటో’, ‘ముద్దు’, ‘బంగళా’ అనే మూడు కథలు మాత్రం ఒకదానికొకటి గొలుసు. వాటిని విడదీసి చదివితే నష్టం. మిగతావాటిలో చాలావరకు ఏది ముందు చదివినా నష్టం లేదు. వారపత్రికల్లో సీరియళ్ల పేజీలు చించి, కుట్టించి, బైండు చేయించుకున్న ఇళ్లలో పెరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఆ బైండు మీద సంపుటం సంఖ్య ఉండదు, లోపల సంచికల తేదీలుంటాయి. ఏ భాగం దొరకలేదో ఆ తేదీలే చెబుతాయి. తోమియే కథలు కూడా పత్రికలోనే పుట్టాయి. సంపుటాలు తర్వాత ఎవరికి వీలైనట్టు వారు కట్టిన మూటలు.

కథల వారీ పట్టికకు శ్రమ ఎక్కువ. ప్రతి పుస్తకం విప్పి విషయసూచిక చూడాలి. పుస్తకాలు ఐదే అయినా నాకు రెండు రోజులు పట్టింది. అంతకన్నా పెద్ద చిక్కు కథల పేర్లది. ‘తోరిమా’ అనే జపాను మాటనే తీసుకోండి. అక్షరాలను విడదీస్తే ‘దారిన పోయే దయ్యం’. వాడుకలో మాత్రం ఏ పగా లేకుండా వీధిలో ఎదురైనవారి మీద దాడిచేసే మనిషి. విజ్ కూర్పులో ఆ కథ పేరు ‘పాసింగ్ డీమన్’. అక్షరార్థం పట్టుకున్నారు. వాడుకలోని అర్థం పట్టుకునే అనువాదకుడు ఇంకేదో పేరు పెడతాడు, అదీ తప్పు కాదు. అందుకే ఇంగ్లీషు పేరును ఆధారం చేసుకుంటే ఒకే కథ పట్టికలో రెండు కథలవుతుంది. జపాను పేరును మొదటి గడిలో రాసి, ఇంగ్లీషు పేర్లను పక్క గడుల్లో పెట్టాలి. జపాను లిపి చదవడం రాకపోయినా ఫరవాలేదు, ఉచ్చారణను తెలుగులో రాసుకున్నా పని జరుగుతుంది. ఫొటో, ముద్దు, బంగళా కథలకు నేను ‘షషిన్’, ‘సెప్పున్’, ‘యషికి’ అని తెలుగులోనే రాసుకున్నాను.

తోమియేకు సరిపోయింది కాబట్టి అన్నిటికీ ఇదే మేలని అనను. హితోషి ఇవాకి చిత్రకథ ‘పారాసైట్’ దగ్గర రెండు పట్టికలూ చాలలేదు. జపానులో కోదాన్షా మొదట 10 సంపుటాలుగా వేసింది. ఇంగ్లీషులో టోక్యోపాప్ 12గా వేసింది. జపానులోనే 2003లో కొత్త కూర్పు 8గా వచ్చింది, 2007 నుంచి డెల్ రే ఇంగ్లీషులో వేసినవీ ఎనిమిదే. ఇది తోమియేలా విడివిడి కథలు కాదు, ఒకే పొడుగాటి కథ. కాబట్టి అధ్యాయం సంఖ్యను ఆధారం చేసుకుంటే ఏ సంపుటంలో ఏముందో తేలిపోతుంది. తేలనిది మరొకటుంది. ఆ కథలో ఒక పరాన్నజీవి కుర్రవాడి కుడిచేతిలో చేరుతుంది, అందుకే దాని పేరు ‘మిగి’, అంటే కుడి. జపాను చిత్రకథలను కుడి నుంచి ఎడమకు చదువుతారు. టోక్యోపాప్ ఆ రోజుల అలవాటు ప్రకారం ఎడమ నుంచి కుడికి చదవడానికి వీలుగా బొమ్మలను అద్దంలో చూసినట్టు తిప్పేసింది. కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది. మిగి పేరు ‘లెఫ్టీ’ అయింది. డెల్ రే బొమ్మలను తిప్పకుండా వేసింది కాబట్టి అందులో మిగి మిగిగానే ఉన్నాడు. అధ్యాయం ఒకటే, కానీ ఇద్దరు పాఠకులు చూసిన బొమ్మ ఒకటి కాదు, విన్న పేరు ఒకటి కాదు. దీన్ని ‘పునర్ముద్రణ’ అని రాసి వదిలేయడం నాకు అన్యాయంగా తోచింది.

గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య 1998లో ప్రకటించిన నమూనా ఇక్కడ నాకు దారి చూపింది. అది పుస్తకాన్ని నాలుగు మెట్లుగా చూస్తుంది: రచన, దాని భాషారూపం, ప్రచురణ, చేతిలోని ప్రతి. లెఫ్టీ ఉన్న పాఠం, మిగి ఉన్న పాఠం రెండో మెట్టులోనే విడిపోతాయి. డెల్ రే పుస్తకాలను తర్వాత కోదాన్షా అమెరికా శాఖ మళ్లీ వేసింది, ఆ తేడా మూడో మెట్టుది. పుస్తకాల వారీ పట్టిక మూడు, నాలుగు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. కథల వారీ పట్టిక మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది కానీ రెండో మెట్టును మరచిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు నా పట్టికలో ‘అనువాదం’ అని ఒక గడి, ‘బొమ్మలు తిప్పారా’ అని ఇంకో గడి ఉన్నాయి. తోమియే వరుసల్లో కామిక్స్‌వన్‌కు ‘తిప్పారు’ అని, డార్క్ హార్స్, విజ్ కూర్పులకు ‘తిప్పలేదు’ అని రాశాను.

ఇతోదే మరో చిత్రకథ ‘ఉజుమాకి’కి ఇంత శ్రమ అక్కర్లేదు. 1998-99లో షోగాకుకాన్ మూడు సంపుటాలుగా వేసింది, విజ్ కూడా మొదట మూడుగానే వేసింది. 2013లో మూడూ కలిపి గట్టి అట్టతో ఒకే పుస్తకం చేసింది. 19 అధ్యాయాలు, చివర ‘గెలాక్సీస్’ అనే విడి అధ్యాయం. వరుస ఎక్కడా తారుమారు కాలేదు. పుస్తకాల వారీగా నాలుగు వరుసలు రాసి ఊరుకున్నాను.

ఏది మేలని అడిగేవారికి నేను చెప్పేది ఇంతే. పట్టిక మీకోసమే రాసుకుంటున్నారా, ఏవి కొన్నారో మరచిపోకుండా ఉంటే చాలా? పుస్తకాల వారీ పట్టిక రాయండి, శ్రమ పడకండి. ఇంకొకరు మీ పట్టిక చూసి ఏది చదవాలో తేల్చుకుంటారంటే మాత్రం కథల వారీ పట్టికే రాయాలి, ముఖ్యంగా తోమియేలా పత్రికల్లో విడి కథలుగా పెరిగిన వాటికి. ఒక్క పుస్తకమే కొనగలిగితే విజ్ కూర్పు కొనండి. బరువు ఎక్కువే, పడుకుని చదవడం కష్టం, కానీ 20 కథలూ ఒకేచోట దొరుకుతాయి. కామిక్స్‌వన్ పుస్తకాలు ఎక్కడైనా పాతవి కనిపిస్తే, తొలి ఇంగ్లీషు రూపం మీద ప్రేమ ఉంటేనే తీసుకోండి. నా పట్టికలో ఇరవయ్యో వరుసలో చివరి కథ ‘రోషు’ ఉంది, అంటే ముసలితనం, వికారం. దాని ఎదుట డార్క్ హార్స్ గడిలో 2 అని, విజ్ గడిలో 1 అని రాసి ఉంది. కామిక్స్‌వన్ గడిలో అడ్డగీత.