మా గెడ్డ కరెంటు: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రంలో మొదటి నాలుగు యూనిట్ల సామర్థ్యమే 460 మెగావాట్లు. అదే మన్యంలోని మా గూడెంలో మాత్రం ఎనిమిదేళ్ల కిందటి దాకా కిరోసిన్ బుడ్డే దిక్కు. ఇప్పుడు గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా ఒక చిన్న కట్ట, అక్కడి నుంచి కాలువ, పైపు, 18 మీటర్ల దిగువన టర్బైను ఉన్నాయి. సెకనుకు 30 లీటర్ల నీరు దిగితే దాదాపు 3 కిలోవాట్లు వస్తుంది. రాత్రి 34 ఇళ్లకు దీపాలు, పగలు చోళ్లు (రాగులు) ఆడించే పిండిమర.

మొదటి కట్ట నాలుగు నెలలే నిలిచింది. ప్రాజెక్టు తెచ్చిన సంస్థవాళ్లు కొలతలు తీసుకున్నారు, మా చేత సంతకాలు పెట్టించుకున్నారు, స్థలం గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. "బాబూ, ఆ బండ ప్రతి వానాకాలం కదులుతుంది" అని ఒక అవ్వ చెబుతూనే ఉంది. ఆగస్టు వరదకు బండా పోయింది, కట్టా పోయింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. రెండోసారి ఆ అవ్వే ముందు నడిచి చోటు చూపించింది. రాళ్లు మేమే మోశాం. ఆ కట్ట ఈనాటికీ చెక్కుచెదరలేదు.

యంత్రం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆకులే. వానల్లో కాలువ మొదట ఉన్న జల్లెడకు తడి ఆకులు చాపలా అతుక్కుంటాయి. బల్బు ఎర్రబడగానే ఆ రోజు వంతు ఉన్న ఇంటివాళ్లు లాంతరు పట్టుకుని బయలుదేరాలి. వంతు తప్పితే మర్నాడు రెండు పూటలు పూడిక తీయాలి. ఈ కట్టుబాటు మేమే పెట్టుకున్నాం కనుక ఎవరూ ఎగ్గొట్టరు. ఇంటికి నెలకు 40 రూపాయలు. పెట్టె తాళం మహిళా సంఘం దగ్గరే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది నీళ్ల తొట్టి. వాడకం తగ్గినప్పుడు టర్బైను వేగం అదుపు తప్పకుండా, మిగిలిన కరెంటును కంట్రోలర్ ఆ తొట్టిలోని హీటర్లకు మళ్లిస్తుంది. చలికాలంలో బాలింతలకు, పసిపిల్లలకు ఆ వేడినీళ్లే.

ఏప్రిల్, మే నెలల్లో గెడ్డ సన్నబడితే పిండిమర నడవదు, ఇంటికి ఒక్క బల్బే. ఎండాకాలం నీటిని కొలవకుండా ఏ ఊరివాళ్లూ దీనికి ఒప్పుకోవద్దు. రెండేళ్ల కిందట కరెంటు స్తంభాలు కూడా వచ్చాయి. అయినా దీన్ని వదిలిపెట్టలేదు. గాలివానకు చెట్లు పడి లైను తెగే రోజుల్లోనే మా గెడ్డ నిండుగా పారుతుంది.

ఇప్పుడు బేరింగులు అరిగి శబ్దం చేస్తున్నాయి. పెట్టెలో డబ్బు సరిపోతుంది. కొత్తవి తేవడానికి సోమవారం ఇద్దరు కుర్రవాళ్లు విశాఖపట్నం వెళ్తున్నారు.