ఎస్‌వీపీ-38 సినాప్టోఫైసిన్ యాంటీబాడీ: దీర్ఘకాల వాడకంపై సమీక్ష

నెల్లూరులోని మా ప్రయోగశాలలో ఎలుక (ర్యాట్), చిట్టెలుక (మౌస్) మెదడు కణజాలంపై ఎస్‌వీపీ-38 క్లోన్‌ను (ఒకే కణవంశం నుంచి వచ్చే యాంటీబాడీని) కొన్నేళ్లుగా వాడుతున్నాము. నాడీకణాలు కలిసే చోట (సినాప్సులో) సంకేత రసాయనాలను దాచే చిన్న సంచి, అంటే సినాప్టిక్ వెసికిల్, పొరను నాలుగుసార్లు దాటే సినాప్టోఫైసిన్ ప్రోటీన్‌ను పట్టుకునే ఈ మోనోక్లోనల్ యాంటీబాడీ, ఎలుక రెటీనా సినాప్టోసోమ్‌లను చిట్టెలుకకు ఎక్కించి తయారుచేసిన ఐజీజీ1 (యాంటీబాడీలలో ఒక ఉపరకం). చిట్టెలుక నుంచి వచ్చినదన్న విషయాన్ని కొనేముందే గుర్తుంచుకోవాలి. దీనితో వచ్చే చిక్కులలో అధికభాగం అక్కడే పుడతాయి.

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో) 38 కిలోడాల్టన్ల దగ్గర గట్టి బ్యాండ్ వస్తుంది. మెదడులో ఈ ప్రోటీన్ పుష్కలంగా ఉండడం వల్ల, నమూనా కాస్త ఎక్కువ వేసినా బ్యాండ్ నిండిపోయి, రెండు గుంపుల మధ్య ఉన్న తేడా కనిపించకుండా పోతుంది. వరుస డైల్యూషన్లతో సరిచూడనిదే డెన్సిటోమెట్రీ (బ్యాండ్ గాఢతను కొలిచే) అంకెలను నేను నమ్మను. చిట్టెలుక నమూనాలలో సెకండరీ యాంటీబాడీ (ప్రైమరీని, అంటే ఎస్‌వీపీ-38ను, పట్టుకుని సంకేతం ఇచ్చే రెండో యాంటీబాడీ) ఆ జంతువు సొంత ఐజీజీని కూడా పట్టుకుని 50, 25 కిలోడాల్టన్ల దగ్గర అదనపు బ్యాండ్లు చూపుతుంది. మనకు కావలసినది వాటి మధ్యన పడుతుంది కనుక బ్లాట్‌లో నష్టం లేదు. సెక్షన్లలో (పలుచగా కోసిన మెదడు ముక్కలలో) ఆ వెసులుబాటు ఉండదు, రక్తనాళాలు కూడా మెరుస్తాయి. పెర్‌ఫ్యూజన్‌తో (రక్తనాళాల గుండా ద్రవం పంపి) రక్తాన్ని బాగా కడిగేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన సెక్షన్ పక్కన ఉండి తీరాలి.

అయినా దీని అసలు పస సెక్షన్లలోనే తెలుస్తుంది. హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) సీఏ3 ప్రాంతంలో, స్ట్రాటమ్ లూసిడమ్ అనే పొర పొడవునా మాసీ ఫైబర్లనే నాడీ తంతువుల కొనలు లావుపాటి చుక్కలుగా వెలుగుతాయి. పక్కనే ఉన్న పిరమిడల్ కణ దేహాలు, చుట్టూ సన్నని చుక్కల అంచుతో, లోపల చీకటిగా కనిపిస్తాయి. ఆ దేహాలు కూడా నిండుగా వెలుగుతుంటే యాంటీబాడీ డైల్యూషన్‌ను అనుమానించాలి. చుక్కలు లెక్కపెట్టి అదే సినాప్సుల సంఖ్య అని రాసేవారితో మాత్రం నేను ఏకీభవించను. ఈ యాంటీబాడీ చూపేది వెసికిళ్లు పోగైన చోటును. అవతలి ఒడ్డున, అంటే సంకేతం అందుకునే కణం వైపు, ఏముందో చెప్పడానికి, అక్కడ ఉండే పీఎస్‌డీ-95 ప్రోటీన్‌ను పట్టుకునే, కుందేలులో తయారైన యాంటీబాడీని జతచేయవలసిందే.

ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని ఉంటే రోహిణి కార్తెలో మా ఊరివారు దానిని యథాతథంగా పాటించకూడదు. ఏసీ లేని గదిలో ఉంచిన సెక్షన్లలో బ్యాక్‌గ్రౌండ్ (అనవసరపు మెరుపు) పెరుగుతుంది, అంచులు ఎండిపోతాయి. 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడమే మేలు. ఆర్డర్‌ను సంక్రాంతి తరువాతి వారాలకు పెట్టుకుంటే ఐస్ ప్యాక్ కరగకుండా చేరుతుంది. సీసా రాగానే చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 20లో దాచాలి, ఒకసారి కరిగించినదానిని మళ్లీ గడ్డకట్టించకూడదు. తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది కాబట్టి ఆ ఫ్రీజర్‌కు జనరేటర్ లైను ఉందో లేదో అక్టోబరు రాకముందే చూసుకోవాలి.