అభిమాన బ్యాండ్ ఎదుట చెవులకు అడ్డు: కచేరీ ఇయర్‌ప్లగ్‌లను ఏళ్ల తరబడి వాడాక

అభిమాన బ్యాండ్‌ను ఎదురుగా నిలబడి వినాలని ఎదురుచూసి, తీరా అక్కడికి వెళ్లాక చెవులు మూసుకోవడమేమిటని తోటి శ్రోతలు అడుగుతుంటారు. కొన్నేళ్లుగా ప్రతి రాక్ కచేరీకీ సంగీతం వినడానికని ప్రత్యేకంగా తయారుచేసిన ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకునే వెళ్తున్నాను కనుక, ఈ సమీక్షలో ఆ ప్రశ్ననే ప్రధానంగా తీసుకుంటున్నాను. చెవికి రక్షణ ఎంత దొరుకుతుందో తయారీదారులు కొలిచి చెప్పగలరు; ప్రత్యక్ష కచేరీలోని ఉద్వేగం వీటివల్ల తగ్గుతుందా లేదా అన్నది మాత్రం వాడినవారే చెప్పాలి. నా అనుభవంలో ఉద్వేగం తగ్గలేదు, పైగా కచేరీ చివరి అరగంటలో పెరిగింది; అయితే మొదటి అయిదు నిమిషాల్లో కొంత పోగొట్టుకున్న మాట నిజం.

నేను వాడేది మెత్తటి సిలికాన్ రకం. ఒకదాని వెనుక ఒకటిగా మూడు గుండ్రటి అంచులు, మధ్యలో సన్నటి గొట్టం, అందులో చిన్న ఫిల్టర్ ఉంటాయి. మందుల దుకాణాల్లో దొరికే ఫోమ్ ప్లగ్‌లతో దీనికి పోలిక లేదు. ఫోమ్ ప్లగ్ తారస్థాయి ధ్వనులను ఎక్కువగానూ, మంద్రస్థాయి ధ్వనులను తక్కువగానూ అడ్డుకుంటుంది కాబట్టి డ్రమ్స్‌తోపాటు మోగే లోహపు పళ్లేలు, అంటే సింబల్స్ మెరుపు పోతుంది, పాటలోని హల్లులు అరిగిపోతాయి, చివరికి బేస్ గిటార్ ఒక్కటే గుబగుబమంటూ మిగులుతుంది. ఇందుకు చెవి నిర్మాణం కూడా కొంత కారణం. తెరిచి ఉన్న చెవి కాలువ సుమారు 2,700 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని తనంతట తానే పెంచుతుంది, దేనితో మూసినా ఆ పెంపు పోతుంది. ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గించే ప్లగ్‌ను అమెరికాకు చెందిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ 1988లో సంగీతకారుల కోసం తెచ్చింది. దాన్ని ఒక్కొక్కరి చెవి అచ్చు తీసి తయారుచేయాలి. అచ్చుతో పనిలేకుండా అందరికీ సరిపోయేలా ఇప్పుడు దొరికే రకాలు ఆ ఆలోచనకే కొనసాగింపు.

ముందుగా పోయినదేమిటో చెప్పాలి. దీపాలు ఆరిపోయి, వేదిక మీద నీడలు కదిలి, వేల గొంతులు ఒక్కసారిగా హోరెత్తే క్షణం కోసమే చాలామంది కచేరీకి వస్తారు. ప్లగ్‌లు పెట్టుకుంటే ఆ హోరు పక్కగదిలోంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. కళ్లు చూస్తున్నదానికీ చెవులు వింటున్నదానికీ పొంతన కుదరక, మొదటి పాట పూర్తయ్యేదాకా మనసు కొంత ఎడంగానే ఉంటుంది. ఎన్ని కచేరీలకు వెళ్లినా ఈ లోటు నాకు తీరలేదు. కొందరు ఆ ఒక్క క్షణానికి ప్లగ్‌లు తీసేస్తారు, కానీ పక్కవారి కేకలు స్పీకర్లకంటే దగ్గరగా, నేరుగా చెవిలో పడతాయి కనుక ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను.

పోనిదేమిటంటే, ఒంటికి తగిలే సంగీతం. డ్రమ్మర్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బ చెవిలో కంటే ముందు రొమ్ములో తెలుస్తుంది, మంద్రధ్వనుల కోసం ఉండే పెద్ద స్పీకర్లు, అంటే సబ్‌వూఫర్ల కంపనం నేలలోంచి అరికాళ్లకు ఎక్కుతుంది. వాటిని ఏ ప్లగ్గూ అడ్డుకోలేదు. ఇంట్లో ఎంత మంచి పరికరం మీద విన్నా దొరకని అనుభూతి ఇదే కాబట్టి, కచేరీకి వెళ్లడంలోని అసలు సుఖం చాలావరకు పదిలంగా ఉన్నట్లే. ఇక రెండో పాటకల్లా చెవి సర్దుకున్నాక ఒక విశేషం బయటపడుతుంది. మామూలుగా ఒకే రొదలో కలిసిపోయే రెండు గిటార్లు విడివిడిగా వినిపిస్తాయి, వెనుక పాడేవారి గొంతు ముందు గాయకుడి గొంతు కింద నుంచి పైకి తేలుతుంది. ధ్వని తీవ్రత పెరిగేకొద్దీ మంద్రస్థాయి నాదాలు తమకంటే పైస్థాయి నాదాలను మరింతగా కప్పేయడం వినికిడి స్వభావం; మొత్తం ధ్వనిని కొంత దించితే ఆ కప్పు పలచబడుతుంది. మిక్సింగ్ డెస్క్‌కు దగ్గరలో నిలబడినప్పుడు ఈ స్పష్టత అన్నిటికంటే బాగుంటుంది. సౌండ్ ఇంజనీర్ తన చెవికి నచ్చేలా సరిచేసేది ఆ చోట వినిపించే ధ్వనినే కదా.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం చివరి అరగంట. బ్యాండ్‌లు తమ పేరు నిలబెట్టిన పాటను సాధారణంగా ముగింపుకే దాచుకుంటాయి. రెండు గంటలు ఉత్త చెవులతో పెద్ద ధ్వని విన్నవారికి అప్పటికి వినికిడి తాత్కాలికంగా మందగించి ఉంటుంది. అంటే, ఏ పాట కోసం వచ్చారో ఆ పాటనే దిబ్బడ వేసిన చెవులతో వింటారన్నమాట. ఇది ఎవరూ గమనించని అన్యాయం. ప్లగ్‌లు వాడటం మొదలుపెట్టాక చివరి పాట కూడా మొదటి పాటంత తాజాగా వినిపిస్తోంది, బయటికొచ్చాక తెల్లారేదాకా చెవులు గింగురుమనడమూ లేదు.

అంకెల్లో చెప్పాలంటే, 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు వినవచ్చనీ, ఆపై ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ గడువు సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచిస్తుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన ప్రమాణం కచేరీ వేదికలకు నిర్ణయించిన గరిష్ఠ సగటు కూడా ఆ 100 డెసిబెల్సే. నా ప్లగ్‌ల పెట్టె మీద 20 డెసిబెల్స్ తగ్గుతుందని ఉంది. ప్రయోగశాలలో వచ్చిన ఆ అంకె చెమటలు కక్కుతూ, తల ఊపుతూ గుంపులో నిలబడిన మనిషికి పూర్తిగా దక్కదు. 12 మాత్రమే దక్కిందనుకున్నా 100 కాస్తా 88 అవుతుంది, గడువు 4 గంటలకు పెరుగుతుంది, ఏ కచేరీకైనా అది చాలు. ది హూ బ్యాండ్ 1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో 126 డెసిబెల్స్‌తో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన రోజుల్లో ఇలాంటి లెక్కలు ఎవరికీ పట్టలేదు. ఆ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వినికిడి దెబ్బతినడం, ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో అదే కారణంగా యాత్ర మధ్యలో ఆగిపోవడం అందరికీ తెలిసినవే. ఇప్పుడు వేదిక మీద ఉన్నవారిలో చాలామంది చెవుల్లో ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే చెవిని మూస్తూ తమ సంగీతాన్ని తమకు వినిపించే చిన్న ఇయర్‌ఫోన్లు కనిపిస్తాయి. ఉత్త చెవులతో ఉండేది ఎక్కువగా కింద నిలబడిన మనమే.

లోపాలూ తక్కువేమీ కాదు. బ్యాండ్‌తో కలిసి గొంతెత్తి పాడేవారికి ఇవి ఇబ్బందే; చెవి మూసి ఉన్నప్పుడు సొంత గొంతు ఎముకల గుండా వచ్చి తలలో మోగుతుంది, శ్రుతి తప్పినా తెలియదు. లోతుగా పెట్టుకుంటే ఆ మోత తగ్గుతుంది కానీ, లోతుగా పెట్టడం మొదట్లో చాలామందికి చేతకాదు. అవతలి వైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగిపట్టి, చెవి కాలువ కొంత నిటారైనప్పుడు మెల్లగా తిప్పుతూ తోయాలి. అంచులు సరిగ్గా ఆనకపోతే బేస్ లోపలికి జారి, అంతా బోలుగా వినిపిస్తుంది. ప్లగ్ బాగాలేదని తిట్టుకునేవారిలో ఎక్కువమంది సమస్య ఇదేనని నా అనుమానం. చెవి కాలువ మరీ సన్నగా ఉన్నవారికి మూడో అంచు గంట తర్వాత నొప్పి పుట్టిస్తుంది, వారు చిన్న సైజు తీసుకోవడం మంచిది.

మన్నిక విషయంలో ఫిర్యాదు లేదు. సిలికాన్ కాలక్రమేణా పసుపు రంగుకు మారి, అంచులు కొద్దిగా బిరుసెక్కుతాయి, అప్పుడు జత మార్చాలి. గోరువెచ్చని సబ్బునీటితో అంచులను మాత్రమే కడిగి, ఫిల్టర్‌లోకి నీరు చేరకుండా చూసుకుంటే సరిపోతుంది. గులిమి చేరి ఫిల్టర్ మూసుకుపోతే ఒక చెవిలో ధ్వని అకారణంగా మందగిస్తుంది కనుక, బయలుదేరే ముందు వెలుతురులో ఒకసారి చూసుకోవాలి.

అకూస్టిక్ గిటార్, ఒక గొంతు మాత్రమే ఉండే చిన్న సభలకు వీటిని నేను వాడను. అక్కడ తగ్గించాల్సింది ఏమీ ఉండదు, వేళ్లు తీగల మీద జారే చప్పుడు కూడా వినాల్సిందే. కొత్తగా కొనేవారు రాక్ కచేరీలకైతే 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్ రకాన్నే ఎంచుకోవాలి. 30కి మించి తగ్గిస్తామని చెప్పేవి యంత్రాల మధ్య పనిచేసేవారికి ఉద్దేశించినవి.