450ల మధ్య పాత టూ-స్ట్రోక్: 2006 యమహా వైజెడ్250

పాత 250 సీసీ టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండి, అంటే మట్టి ట్రాక్ పోటీల బండి, కొత్త 450లని కొట్టగలదా? ముందు ఈ ప్రశ్న తేల్చేస్తాను. రైడర్లిద్దరూ సమానమైతే, కాలిఫోర్నియాలోని గ్లెన్ హెలెన్ లాంటి ట్రాక్ మీద ఈ పాత బండి కొత్త 450 సీసీ ఫోర్-స్ట్రోక్‌ని కొట్టలేదు. గెలుపే కావాలంటే ఈ రివ్యూ ఇక్కడితో ఆపేసి 450 కొనుక్కోవచ్చు. నేను మాత్రం ఇదే బండితో పోటీకి వెళ్తున్నాను, వెళ్తూనే ఉంటాను. ఎందుకో వివరంగా రాస్తాను.

మాది తణుకు. ఇప్పుడు కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ దగ్గర ఉంటున్నాం. నలభై దాటినవాళ్ల వెటరన్ క్లాసులో, నోవిస్ స్థాయిలో దిగుతాను. మా బావమరిది కూడా అదే ట్రాక్‌కి వస్తాడు, వాడిది ఈమధ్య మోడల్ 450. సెల్ఫ్ స్టార్ట్, ఫ్యూయల్ ఇంజెక్షన్, బురదకొకటి గట్టినేలకొకటి అని ఇంజిన్ మ్యాపులు, అన్నీ ఉన్నాయి. ప్రాక్టీస్ రోజుల్లో బళ్లు మార్చుకుని నడుపుతాం. కాబట్టి ఇక్కడ రాసే పోలికలు రెండు బళ్లూ నడిపి చూసి రాస్తున్నవే.

కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే 250కీ 450కీ పోటీ ఏమిటని అనిపిస్తుంది. టూ-స్ట్రోక్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ సిలిండర్లో మంట పుడుతుంది. ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకసారి. అందుకని ఫోర్-స్ట్రోక్‌లకి ఎక్కువ సీసీ ఉండొచ్చని అమెరికాలో రూల్ పెట్టారు. ఆ రూల్‌ని యమహా పూర్తిగా వాడుకుంది. 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌ని (స్టేడియంలో జరిగే మోటోక్రాస్) డగ్ హెన్రీ వైజెడ్ఎం400ఎఫ్ అనే ఫ్యాక్టరీ ఫోర్-స్ట్రోక్ మీద గెలిచాడు. మరుసటి ఏడాది వైజెడ్400ఎఫ్ మీద అవుట్‌డోర్ నేషనల్ టైటిల్ కూడా కొట్టాడు. ఆ తర్వాత అందరూ ఫోర్-స్ట్రోక్ బాట పట్టారు. హోండా 2007తో టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బళ్లు ఆపేసింది. యమహా మాత్రం ఆపలేదు, నా దృష్టిలో ఆ కంపెనీ చేసిన గొప్ప పని అది. రికీ కార్మైకేల్ 2002లో హోండా సీఆర్250ఆర్ టూ-స్ట్రోక్ మీద నేషనల్స్‌లో 24 మోటోలకి (రేసులకి) 24 గెలిచాడు. 2004లో సీఆర్ఎఫ్450ఆర్ మీద మళ్లీ 24కి 24. బండి మారినా మనిషి అతనే. మా బావమరిదితో వాదన వచ్చినప్పుడల్లా నేను ఈ లెక్కే చెప్తాను.

2006 మోడలే ఎందుకు? 2005లో ఈ బండికి స్టీల్ ఫ్రేమ్ పోయి అల్యూమినియం ఫ్రేమ్ వచ్చింది. 2006లో కయాబా వాళ్ల ఎస్ఎస్ఎస్ ఫోర్క్, అంటే ముందు చక్రం షాకర్లు, వచ్చింది. ఇరవై ఏళ్ల నాటి బండి అని తెలియనివాళ్లకి హ్యాండిల్ ఇచ్చి నడపమంటే, ముందు షాకర్లు చూసి పాతదని చెప్పలేరు. పెద్ద జంప్ దిగినప్పుడు అడుక్కి కొట్టదు, చిన్న గతుకుల మీద చేతులు అదరగొట్టదు. ఇప్పుడు షోరూంలో దొరికే కొత్త వైజెడ్250కి కూడా మూలంలో ఇదే ఇంజిన్, ఇదే ఫ్రేమ్. 2022లో ప్లాస్టిక్‌లు, ఎయిర్ ఇన్‌టేక్, బ్రేకులు లాంటివి మార్చారు. కాబట్టి పార్టుల కోసం వెతుక్కునే బాధ లేదు.

ఇక నడిపితే ఎలా ఉంటుందో చెప్తాను.

గ్లెన్ హెలెన్‌లో గేటు పడగానే పొడవాటి స్టార్ట్, దాని చివర టాలడేగా అని పిలిచే ఎత్తుగట్టు మలుపు. వెడల్పాటి మలుపు, గ్యాస్ అసలు వదలకుండా తిరగొచ్చు. అంటే మొదటి పది సెకన్లు శుద్ధ హార్స్‌పవర్ ఆట. వెనక చక్రం దగ్గర ఈ బండికి నలభై అయిదు అటూఇటూ ఉంటుంది, 450లకి యాభై దాటుతుంది. పైగా 450 పవర్ నేలని పట్టుకుని తోస్తుంది, నా చక్రం జారుతుంది. క్లచ్ ఒక వేలితో ఆడిస్తూ, ఒళ్లంతా ముందుకి వంచి, సెకండ్ గేర్లో లేచి థర్డ్ వేసేసరికి పక్కవాడు ముందుంటాడు. మౌంట్ సెయింట్ హెలెన్స్ అనే నిట్టనిలువు ఎక్కుడులోనూ అంతే. 450 వాడు థర్డ్ గేర్లో కూర్చుని ఎక్కేస్తాడు. నేను కింద మలుపులోనే స్పీడు కాపాడుకుని రావాలి. మధ్యలో పవర్‌బ్యాండ్ (ఇంజిన్ బలంగా లాగే ఆర్‌పీఎం పరిధి) నుంచి కిందపడితే గేరు దించాలి, క్లచ్ కొట్టాలి, ఈలోగా ఇద్దరు దాటిపోతారు.

ఈ పవర్‌బ్యాండ్ సంగతి తెలియకపోతే టూ-స్ట్రోక్ అర్థం కాదు. ఎగ్జాస్ట్ పైపు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది అందానికి కాదు. పొగతో పాటు బయటికి జారిపోబోయే తాజా పెట్రోల్-గాలి మిశ్రమాన్ని, ఆ పైపులోంచి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అల మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఆ అల సరిగ్గా ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి వెళ్లే రంధ్రం) మూసుకునే వేళకి రావడం ఒక ఆర్‌పీఎం పరిధిలోనే కుదురుతుంది. ఆ పరిధిని వెడల్పు చెయ్యడానికే యమహా వైపీవీఎస్ అనే పవర్ వాల్వ్ పెట్టింది. స్పీడు పెరిగేకొద్దీ అది ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తుని మారుస్తుంది. అందుకే ఈ 250 కింద నుంచి కూడా బాగానే లాగుతుంది. 125ల మీద పోటీ చేసేవాళ్ల కష్టం దీనికి లేదు. ఆరెక్స్ 100 నడిపినవాళ్లకి ఆ పికప్ ఒక్కసారిగా అందుకోవడం గుర్తుండే ఉంటుంది. మూలం అదే, ఇక్కడ బలం నాలుగింతలు.

ఇప్పుడు ఈ బండి సంపాదించే చోటుకి వస్తాను. మధ్యాహ్నానికి మలుపుల్లో లోతుగా గాడులు పడతాయి. లోపలి గాడి ఇరుకు, బయటిది వేగం. 450 వాళ్లు ఎక్కువమంది బయటిదే పట్టుకుంటారు. ఈ బండి లోపలి గాడిలో ఇట్టే దూరుతుంది. పెట్రోల్ నిండాక బరువు 103 కిలోల దగ్గర ఉంటుంది, 450లు 110కి దగ్గరగా. కాగితం మీద ఆరేడు కిలోలే తేడా. కానీ ఫోర్-స్ట్రోక్ తల మీద క్యామ్‌లు, వాల్వులు, చైను ఉంటాయి, లోపల తిరిగే బరువు కూడా ఎక్కువ. అందుకే వంచేటప్పుడు ఆ తేడా రెట్టింపు అనిపిస్తుంది. ఫోర్-స్ట్రోక్‌లో గ్యాస్ మూస్తే ఇంజిన్ బ్రేకు పడి ముందు చక్రం నేలలోకి నొక్కుకుంటుంది. దీనికి అది లేదు, బండి తేలుతూ పోతుంది. కొత్తలో భయం వేస్తుంది. అలవాటైతే బ్రేకు ఎక్కడ పట్టాలో, ఎంత పట్టాలో మన చేతిలోనే ఉంటుంది. నేను దాటిన 450లన్నీ దాదాపుగా మలుపు లోపలే దాటాను, తిన్నటి రోడ్డు మీద ఒక్కదాన్నీ కాదు.

రెండో మోటో చివరి ల్యాపుల్లో ఇంకో లాభం కనిపిస్తుంది. 450 మీద ఉన్నవాళ్లకి ముంజేతులు బిగుసుకుపోతాయి. బావమరిది బండి మీద నాకూ అంతే అవుతుంది. ఆ బండి మనల్ని లాక్కుపోతుంది, పట్టుకుని వేలాడటమే పని. ఈ బండి మీద పని ఎక్కువే కానీ అది కాళ్లకి, ఎడమ చేతికి. ఊపిరి ఆడుతుంది, మెదడు పనిచేస్తుంది.

ఓడిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. దక్షిణ కాలిఫోర్నియా మట్టి ఎండకి గట్టిపడి, టైర్ రబ్బరు అంటి నల్లగా మెరిసే సమయం ఒకటుంది. అప్పుడు టూ-స్ట్రోక్ వెనక చక్రాన్ని అదుపులో పెట్టడం నిజంగా కష్టం. కింద పడితే ఇంకో టెన్షన్. బావమరిది బటన్ నొక్కి వెళ్లిపోతాడు. నేను బండి లేపి, క్లచ్ పట్టి, కిక్ కొట్టాలి. జెట్టింగ్ (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలత సర్దుబాటు) సరిగ్గా ఉంటే వేడి ఇంజిన్ రెండో కిక్కుకి అందుకుంటుంది, కానీ ఆ లోపు పోయిన స్థానాలు తిరిగి రావు.

జెట్టింగ్ అన్నాను కదా, కార్బురేటర్ బండి అంటే ఆ బాధ్యత తీసుకోవాల్సిందే. పొద్దున చల్లగాలికి ఒక రకం, మధ్యాహ్నం ఎండకి ఒక రకం. మామత్ లేక్స్‌లో పోటీకి వెళ్తే సుమారు 8,000 అడుగుల ఎత్తు. గాలి పలచన, కాబట్టి పెట్రోల్ వచ్చే మెయిన్ జెట్ చిన్నది వెయ్యాలి. ఇంజెక్షన్ బళ్లు ఇదంతా సెన్సార్లతో వాటంతట అవే సర్దుకుంటాయి. నేను ప్లగ్ విప్పి రంగు చూస్తాను. లేత గోధుమ రంగు వస్తే నిశ్చింత. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువైందని అర్థం, అలా గట్టిగా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. 32 పాళ్ల పెట్రోల్‌కి 1 పాలు ఆయిల్ కలుపుతాను. తణుకులో టీవీఎస్ 50కి బంకు కుర్రాడే 2టీ ఆయిల్ కొట్టి ఊపి ఇచ్చేవాడు. ఇక్కడ కొలత పాత్రతో నేనే కలుపుకుంటాను. గరాజ్‌లో ఆ వాసన మా ఆవిడకి నచ్చదు, నాకు మాత్రం ప్రాణం.

ఖర్చు దగ్గర ఈ బండిని కొట్టేది లేదు. కొత్త 450 సుమారు పదివేల డాలర్లు. నేను దీన్ని మూడువేల లోపే కొన్నాను. హాఫ్ ఇంజిన్ పని, అంటే పిస్టన్, రింగులు, గాస్కెట్లు మార్చడం, ఒక సాయంత్రం పని. సామాను రెండొందల డాలర్ల చుట్టూ. ఫోర్-స్ట్రోక్‌లో వాల్వ్ విరిగి పిస్టన్ మీద పడితే బిల్లు వేలల్లో ఉంటుంది, మనింట్లో చేసుకునే పనీ కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. నాకు అమ్మినాయన పిస్టన్ కొత్తదని చెప్పాడు. అది నిజమే, కానీ బండి గ్యాస్ వదిలాక కూడా ఐడిల్ వెంటనే కిందకి దిగేది కాదు. అది ఎడమవైపు, మాగ్నెటో పక్క క్రాంక్ సీల్ పోయిన లక్షణం. అటునుంచి గాలి లాగేసుకుని మిశ్రమం పలచబడుతుంది. అలాగే వదిలేస్తే కొత్త పిస్టన్ కూడా బతకదు. కుడివైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లగా పొగ కక్కుతుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటుంది. రెండూ చవక సీళ్లే, చూడకపోతేనే ఖరీదు. సిలిండర్ లోపల ఉండేది నికిల్-సిలికాన్ కార్బైడ్ పూత. అది గీసుకుపోతే మన ఊళ్లో చేసినట్టు బోరు చేయించి నడిపేయడం కుదరదు, మళ్లీ పూత వేయించాలి. వెనక చక్రాన్ని మోసే స్వింగ్‌ఆర్మ్, దాన్ని షాకర్‌కి కలిపే లింకేజీ, వీటి బేరింగులు కూడా చూడండి. వెనక చక్రం పట్టుకుని పైకి లేపితే టక్కున శబ్దం వచ్చిందంటే ధరలో తగ్గించమని అడగొచ్చు.

2005 మోడల్ చూపించి ‘రెండూ ఒకటే’ అంటారు. ఫ్రేమ్ ఒకటే, ఫోర్క్ వేరు, ఆ తేడాకి డబ్బు పెట్టడం న్యాయమే. ఇంకొకటి, చూడ్డానికి వెళ్లేముందు అమ్మేవాళ్లకి ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. ముందుగా వేడి చేసి ఉంచిన బండి ఎవరికైనా బాగానే కిక్ అవుతుంది.