డార్క్‌టేబుల్‌లో నిష్పత్తి చెడకుండా క్రాప్ చేయడం: నాలుగేళ్లు వాడాక

నాన్న షష్టిపూర్తి రోజు నలభై మందిని మూడు వరసల్లో నిలబెట్టి ఫొటో తీశాను. ఇంట్లో ఖాళీగా ఉన్న ఫ్రేముకు సరిపోతుందని 10×8 అంగుళాల ప్రింటుకు చెప్పి వచ్చాను. సాయంత్రం చేతికొచ్చిన కాగితంలో ఎడమ చివర పెద్దమ్మ సగమే ఉంది, కుడి చివర బావగారి భుజం ఒక్కటే మిగిలింది. ల్యాబ్ వాళ్లను అనడానికి లేదు. నా కెమెరా తీసే బొమ్మలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 3:2. ఎనిమిది అంగుళాల ఎత్తు కావాలంటే దానికి పన్నెండు అంగుళాల వెడల్పు ఉండాలి. కాగితం వెడల్పు పదే కనుక అటొక అంగుళం, ఇటొక అంగుళం కత్తెరకు పోయాయి. పెద్దమ్మకు ఈ లెక్క వివరించబోయి మరింత చెడ్డాను.

నిష్పత్తి గురించి పట్టించుకోవడం ఆ రోజుతో మొదలైంది. నా ఫొటోల్లో ఎక్కువ భాగం పక్షులవి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. గట్టున నిలబడి 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే పక్షి కన్నా ఆకాశమే ఎక్కువ వస్తుంది. అంటే క్రాప్ చేయని ఫొటో నా దగ్గర దాదాపు ఉండదు. మొదట్లో చేతికి తోచినట్టు కోసేవాడిని. ఒకటి చతురస్రానికి దగ్గర, ఇంకొకటి పొడుగ్గా, మరొకటి ఏ ఆకారమో చెప్పలేనట్టు. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉండేవి. వాటిలోంచి ఇరవై ఏరి ఆల్బమ్ చేయబోతే మాత్రం ఏ రెండూ పక్కపక్కన పొసగలేదు.

డార్క్‌టేబుల్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. కెమెరా రా ఫైళ్ల కోసమే, అంటే సెన్సర్ పట్టినదాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచే ఫైళ్ల కోసమే చేసినది. అందులో క్రాప్ విభాగం తెరిస్తే నిష్పత్తుల జాబితా ఒకటి ఉంటుంది. దానిలో ‘ఒరిజినల్ ఇమేజ్’ ఎంచుకుంటే మూల ఫొటో నిష్పత్తికి తాళం పడినట్టే. ఏ మూల పట్టుకుని లాగినా చట్రం ఆకారం మారదు, చిన్నదో పెద్దదో అవుతుంది. చట్రాన్ని జరుపుకోవచ్చు, కుదించుకోవచ్చు, అంతే. ఇది సంకెలలా అనిపిస్తుందేమోనని మొదట అనుకున్నాను. జరిగింది వేరు. ఏ ఆకారంలో కోయాలనే మీమాంస పోయి, పక్షి ఎక్కడ ఉండాలి, దాని చూపు ముందు ఎంత ఖాళీ వదలాలి అన్నవే మిగిలాయి. ఇంతకుముందు ఒక ఫొటో ముందు పది నిమిషాలు కూర్చునేవాడిని. ఇప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టదు.

చట్రాన్ని లాగుతున్నంతసేపూ అది ఎన్ని పిక్సెల్స్ ఉందో మధ్యలో కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఇదే. నా కెమెరా ఫొటో 6000×4000, అంటే 24 మెగాపిక్సెల్స్. వెడల్పు, ఎత్తు రెండూ సగానికి తగ్గిస్తే 3000×2000 మిగులుతుంది. సగం కోశామనిపిస్తుంది గానీ నిజానికి పోయింది ముప్పావు వంతు, మిగిలింది ఆరు మెగాపిక్సెల్స్. అయినా 12×8 ప్రింటులో అంగుళానికి సరిగ్గా 250 పిక్సెల్స్ వస్తాయి. గోడ మీద పెట్టుకోవడానికి అది చాలు. అందుకని 3000 కన్నా కిందికి కోయకూడదని గీత గీసుకున్నాను. అంతకన్నా కోయాల్సి వస్తే ఆ ఫొటో నాది కాదనుకుని వదిలేస్తాను. లకుముకి పిట్టల ఫొటోలు చాలా అలాగే పోయాయి.

వంకర సరిచేయడం వేరే విభాగంలో ఉంటుంది. మౌస్ కుడి మీటతో నీటి అంచు వెంట ఒక గీత గీస్తే ఫొటో దానంతట అదే సరిగా తిరుగుతుంది. తిరిగాక మూలల్లో మిగిలే నల్లటి ముక్కలను తీసేయడానికి అక్కడే ఆటోమేటిక్ క్రాప్ ఉంది. దాన్ని ‘ఒరిజినల్ ఫార్మాట్’ మీద ఉంచితే ఇక్కడా నిష్పత్తి నిలుస్తుంది. దీనికి అయ్యే ఖర్చు మాత్రం తెలిసి ఉండాలి. 3:2 ఫొటోను మూడు డిగ్రీలు తిప్పి అదే నిష్పత్తిలో కోస్తే 6000 వెడల్పు దాదాపు 5570 అవుతుంది. మొత్తం పిక్సెల్స్‌లో సుమారు 14 శాతం పోయినట్టు. ఈ లెక్క వేసుకున్నాక కెమెరాను నిటారుగా పట్టుకోవడం అలవాటైంది.

నారాయణపక్షి ఒంటరిగా నిలబడితే అడ్డ ఫొటోలో ఇమడదు. జాబితా పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే 3:2 కాస్తా 2:3 అవుతుంది. అడ్డంగా తీసినదాన్ని ఇలా నిలువుగా కోస్తే మహా అయితే 2667×4000 దక్కుతుంది, అంటే తొమ్మిదింట నాలుగు వంతులు. నష్టమే, కానీ ఆల్బమ్‌లో నిలువు ఫొటోలన్నీ ఒకే కొలతలో ఉంటాయి.

ఇంకో సుఖం, మూల ఫైలు ఎప్పటికీ చెక్కుచెదరదు. ఏం కోశామన్న సమాచారం పక్కనే ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో ఉంటుంది. రెండేళ్ల కిందట కోసింది నచ్చకపోతే తెరిచి చట్రాన్ని జరిపితే సరి. ఒకే ఫొటోకు డూప్లికేట్ చేసుకుని, ఒకదాన్ని 3:2 లోనూ మరొకదాన్ని 10×8 కోసం విడిగానూ ఉంచుకోవచ్చు. దీనివల్ల రా ఫైలు రెండోసారి డిస్కులో చేరదు. షష్టిపూర్తి ఫొటోకు ఇప్పుడు అదే చేశాను. ఆ వెడల్పు మందికి 10×8 పనికిరాదని తెరమీదే తేలిపోయింది. 12×8 వేయించి కొత్త ఫ్రేము కొన్నాను.

నచ్చనివీ ఉన్నాయి. నిష్పత్తుల జాబితా మరీ పొడుగు, నేను వాడేవి మూడో నాలుగో. తిప్పడం ఒకచోట, కోయడం ఇంకోచోట ఉండటం కొత్తవాళ్లను తికమక పెడుతుంది. మా తమ్ముడు రెండుచోట్లా కోసి పిక్సెల్స్ ఏమైపోయాయని నన్ను అడిగాడు. ఫోనుతో తీసిన నాలుగు ఫొటోల కోసమైతే ఇంత సరంజామా అనవసరం. గూగుల్ ఫొటోస్ క్రాప్‌లోనూ ‘ఒరిజినల్’ అనే ఎంపిక ఉంది, అది చాలు. అయితే ఫోను ఫొటో సాధారణంగా 4:3. దాన్ని అలాగే ఉంచి 6×4 ప్రింటుకు ఇస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. తలల మీద కొంచెం జాగా వదిలి తీయండి, లేదా ఇచ్చే ముందు మీరే 3:2 లో కోసి ఇవ్వండి.

తాళం తీసేది ఒక్కచోటే. సాయంత్రం గూడబాతులు బారుగా గూళ్లకు తిరిగొచ్చేటప్పుడు ఫొటోలో పైనా కిందా ఖాళీ ఆకాశమే ఉంటుంది. వాటిని మాత్రం ‘ఫ్రీహ్యాండ్’లో పెట్టి, పొడవాటి పట్టీలా కోసుకుంటాను. అవి ఏ ఆల్బమ్‌లోనూ ఇమడవు. కంప్యూటర్‌లో వేరే ఫోల్డరులో ఉన్నాయి.