కోనసీమలో కుటుంబ థెరపీ: ఒక కేంద్రం పనితీరుపై సమీక్ష

కుటుంబ కౌన్సెలింగ్ అనగానే మన వైపు గుర్తొచ్చేది పెద్దమనుషుల్లో పెట్టడమే. తప్పెవరిదో తేల్చి, ఇద్దరికీ నాలుగు మంచిమాటలు చెప్పి పంపేస్తారు. కోనసీమలోని ఈ చిన్న కేంద్రం సిస్టమిక్ పద్ధతిలో, అంటే సమస్యను ఒక్క మనిషిలో కాక ఇంట్లోవాళ్ల మధ్య నడిచే తీరులో చూసే పద్ధతిలో నడుస్తోంది కాబట్టి తీర్పూ ఉండదు, సలహాలూ తక్కువే. మొదటిసారి వచ్చినవాళ్లు "ఏమీ చెప్పలేదేంటండీ?" అని నిరాశపడటం మామూలే. అయితే ఈ కేంద్రానికి మార్కులు వేయాల్సింది సలహాలకు కాదు, అడిగే ప్రశ్నలకు.

మొదటి సెషన్ గంటన్నర. ఒకే ఇంట్లో ఉండేవాళ్లందరినీ రమ్మంటారు. ముందుగా గోడమీది చార్టుపై జీనోగ్రామ్, అంటే ఎవరికెవరు ఏమవుతారో, ఎవరితో ఎలా ఉంటారో చూపే కుటుంబ పటం గీస్తారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పోయినవారి గుర్తు మీద ఇంటూ. కనీసం మూడు తరాలు. దగ్గరగా ఉండేవారి మధ్య జంట గీత, పడనివారి మధ్య వంకర్లు తిరిగిన గీత, దూరమైనవారి మధ్య చుక్కల గీత. మన జిల్లాల్లో చిక్కు వచ్చేది ఈ జంట గీతతోనే. డాక్టర్లు గీసే వంశవృక్షంలో భార్యాభర్తల మధ్య జంట గీత అంటే మేనరికం. రెండూ కలిసిపోతే ఉప్పూనిప్పులా ఉన్న దంపతులు కాగితం మీద అన్యోన్యంగా కనిపిస్తారు. ఇక్కడ గీతతో పనిలేకుండా పక్కనే "మేనరికం" అని రాసేస్తున్నారు, చాలా మంచి పని. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే మూడో మనిషిని లాగుతారని అమెరికా మనోవైద్యుడు ముర్రే బోవెన్ చెప్పిన త్రికోణం మేనరికంలో మరింత బిగుసుకుంటుంది. అత్తగారే మేనత్త అయినచోట, మొగుడూపెళ్లాల మాటపట్టింపు తెల్లారేసరికి అన్నాచెల్లెళ్ల తగాదా అయిపోతుంది.

ఇక ప్రశ్నలు. ఇటలీ థెరపిస్టులు మారా సెల్వీని పలాజోలీ, బోస్కోలో, చెకిన్, ప్రాటాల మిలాన్ బృందం 1980లో రాసిన వ్యాసంలోని వృత్తాకార ప్రశ్నలనే, అంటే ఇద్దరి మధ్య సంగతి మూడోవారిని అడిగే ప్రశ్నలనే వీళ్లు ప్రధానంగా వాడుతున్నారు. రొయ్యల చెరువు దెబ్బతిన్నాక భర్త నోరు విప్పడంలేదని భార్య చెప్పిందనుకోండి. "ఎందుకు మాట్లాడరు?" అని ఆయన్ని నిలదీయరు. కొడుకునడుగుతారు: "నాన్నగారు మాట్లాడనప్పుడు అమ్మ ఏం చేస్తుంది? అమ్మ అలా చేస్తే నాన్నగారు కాస్త తేలికపడతారా, లేచి చెరువు దగ్గరికి వెళ్లిపోతారా?" తర్వాత బామ్మగారినడుగుతారు: "వీళ్లిద్దరిలో ముందు ఎవరి బాధ మీ కంటపడుతుందండీ?" ఆమె గుచ్చి గుచ్చి అడిగేకొద్దీ ఆయన ముడుచుకుపోతున్నాడు, ఆయన ముడుచుకునేకొద్దీ ఆమె ఇంకా అడుగుతోంది. ఆ చక్రం అందరికీ ఒకేసారి కనబడుతుంది. ఇందులో ప్రమాదమూ ఉంది. జవాబు చెప్పేముందు పిల్లవాడు తల్లి ముఖం చూశాడంటే వాడిని సాక్షిగా నిలబెడుతున్నట్టే. వెంటనే ప్రశ్నను పెద్దవాళ్లవైపు మళ్లించాలి. ఇక్కడి థెరపిస్ట్ అది కనిపెట్టి మళ్లిస్తారు.

సెషన్‌కీ సెషన్‌కీ మధ్య మూడు నాలుగు వారాలు ఆపుతారు. డబ్బుల కోసం సాగదీస్తున్నారని అనుకోవద్దు. మిలాన్ బృందం కూడా నెలకోసారే కలిసేది. దూరం నుంచి రైలెక్కి వచ్చే కుటుంబాలకు అలా వీలు కల్పించాక, ఆ ఎడమే మార్పుకు తోడ్పడుతోందని గమనించి అందరికీ అదే పాటించారు.

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న ఇళ్లతో మాట్లాడే తీరు మెచ్చుకోవాలి. ఇంట్లో ఒకదానికొకటి పొసగని సందేశాల మధ్య బిడ్డ ఇరుక్కుపోవడం ఈ జబ్బుకు దారితీస్తుందంటూ బేట్సన్ బృందం 1956లో ప్రతిపాదించిన డబుల్ బైండ్ సిద్ధాంతం తర్వాత ఈ జబ్బుకు తల్లులను నిందించడం పెరిగింది. అది కారణమని పరిశోధన రుజువు చేయలేదు. కుటుంబం జబ్బు తెప్పించదని ఇక్కడ మొదటే చెబుతారు. తిరగబెట్టడం వేరే సంగతి: విమర్శ, శత్రుభావం, అతిజోక్యం ఎక్కువున్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని వాన్, లెఫ్‌ల 1976 అధ్యయనం చూపింది. అలాంటి ఇళ్లలో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే ముప్పు మరీ ఎక్కువ. అందుకే మందులు ఆపనివ్వకుండానే ఇంట్లో మాటతీరు మీద పనిచేస్తారు.

లోపాలు చిన్నవి కావు. కువైట్‌లో పనిచేస్తున్న తల్లిని వీడియోకాల్‌లో కలుపుతున్నారు గానీ ఫోన్ చేతులు మారుతూ ఉంటుంది, ఆవిడకి ఒక్కసారికి ఒక్క ముఖమే కనబడుతుంది. ఒక కుర్చీ ఆవిడకి కేటాయించి, స్టాండు మీద ఫోన్ నిలబెట్టాలి. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన ఉదయం పదకొండు ఆవిడకి ఎనిమిదిన్నర, పనిలో ఉండే వేళ. ఆవిడకి వీలైన టైమే ముందు అడగాలి.

ఇంతకంటే పెద్ద లోపం, పెద్దవాళ్లను ఒక్కొక్కరిగా విడిగా అడగకుండానే అందరినీ కలిపి కూర్చోబెట్టడం. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే గదిలో నిజం చెప్పినావిడ సాయంత్రం ఇంట్లో దానికి మూల్యం చెల్లిస్తుంది. అలాంటిచోట ఉమ్మడి సెషన్ పెట్టకూడదు. ముందు భద్రత, 2005 గృహహింస చట్టం కింద రక్షణ. మేము ఇందుకే ఒక స్టార్ తగ్గించాం. పద్ధతి మార్చేదాకా, భయం ఉన్నవాళ్లు విడిగా అపాయింట్‌మెంట్ అడగండి.

మార్పును కొలవరు కూడా. స్కోర్-15 అని కుటుంబం ఎలా నడుస్తోందో కొలిచే పదిహేను ప్రశ్నల ఫారం ఉంది. మొదటి సెషన్‌లోనూ నాలుగోదాంట్లోనూ నింపిస్తే కుటుంబం కదిలిందో లేదో తెలుస్తుంది. ప్రస్తుతం "ఎలా ఉందండీ?" అని అడిగి "పర్లేదండి" అంటే రాసుకుంటున్నారు.

రాలేని బామ్మా తాతయ్యల వయసులు, పెళ్లిళ్లు, మరణాల సంవత్సరాలు కాగితం మీద రాసుకెళ్లండి. జీనోగ్రామ్‌కి పట్టే సమయం బాగా తగ్గుతుంది. రాత్రివేళ పరిస్థితి చేయిదాటితే ఈ కేంద్రం ఫోనెత్తదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.