భీమవరంలో 32 వేలు, హైదరాబాద్‌లో 8 లక్షల ప్యాకేజీ: ఏది మేలు?

సొంతింట్లో ఉంటూ రొయ్యల ప్లాంటులోనో, మేత కంపెనీలోనో అకౌంట్స్ చూసే వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. 8 లక్షల్ని 12తో భాగించి నెలకు 66 వేలు అనుకుంటే మాత్రం లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఆఫర్ లెటర్ వెనక ఉండే జీతం పట్టిక చూడండి. బేసిక్ సగం, అంటే 4 లక్షలు అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 48 వేలు. గ్రాట్యుటీ 4.81 శాతం, అంటే 19 వేల చిల్లర. రెండూ ఆ 8 లక్షల్లోవే. మీ వాటా పీఎఫ్ ఇంకో 48 వేలు. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అని ఉంటే ఆ 80 వేలు ఏడాది చివర వస్తాయి, మొత్తం వస్తాయన్న పూచీ లేదు. వృత్తి పన్ను నెలకు 200. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12.75 లక్షల జీతం దాకా లేదు గనక ఆ బాధ తప్పింది. చేతికొచ్చేది నెలకు 50 వేలు. పీఎఫ్‌లో పడేది పొదుపే, కాదనలేం, కానీ ఈ నెల అద్దెకి అది అక్కరకు రాదు.

అంటే ఇక్కడ నెలనెలా చేతికొచ్చే 32 వేలకంటే ఎక్కువొచ్చేది 18 వేలు. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు డబుల్ బెడ్‌రూమ్‌కి అద్దె 18 వేలు, మెయింటెనెన్స్ 2,500 వేసుకోండి, పెరిగిన జీతం అక్కడికే చెల్లు. రాకపోకలకు 3 వేలు, ఇద్దరు పిల్లల ఫీజులు, స్కూలు బస్సుల్లో తేడా 4 వేలు, పాలూ కూరలూ 2,500, ఊరికి వచ్చిపోయే ఖర్చు నెలకు సర్దితే 2,500. అంతా కలిపి 32,500. ఇక్కడి 32 వేలకు సాటి రావాలంటే అక్కడ చేతికి 64,500 పడాలి. అవే కోతలతో చూస్తే 10.3 లక్షల ప్యాకేజీ. అంకెలు మీవి మీరు మార్చుకోండి, పద్దులు మాత్రం ఇవే.

ఇంటి బియ్యం గురించి చాలామంది గొప్పగా చెబుతారు. అంత లేదు. 75 కిలోల బస్తా మర ఆడిస్తే 50 కిలోల బియ్యం. ఆ బస్తా 2025-26 మద్దతు ధరకు అమ్మితే 1,777 రూపాయలు వచ్చేది కాబట్టి కిలో 36 పడ్డట్టే. అక్కడ కొట్లో 56కి కొన్నా, నెలకు 30 కిలోలకి తేడా 600 రూపాయలు.

అసలు తేల్చేది కుంపట్ల లెక్క. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటామంటే ఒక జీతం మీద రెండు కుంపట్లు. ఆ ఇల్లు అద్దెకివ్వలేరు, అక్కడి కరెంటు, గ్యాసు, మందులు ఎలాగూ తప్పవు. ఇన్నాళ్లూ ఆసుపత్రికి మీరే బండి మీద తీసుకెళ్లేవారు, ఇకపై ఆటో, దానికి తోడు ఇంకొకరు. ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే రాత్రికి రాత్రి బస్సు టికెట్టు, సెలవు మిగలకపోతే జీతం కోత. ఈ పద్దు ఎవరూ ముందుగా రాసుకోరు. సంక్రాంతికైతే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 పొద్దున్నే కూర్చోకపోతే ప్రైవేటు బస్సు వాడు అడిగినంతా ఇవ్వాల్సిందే. అమలాపురం వాళ్లకైతే ఊళ్లోకి రైలే లేదాయె.

పిల్లల తరగతి కూడా చూసుకోండి. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల కాలేజీలకీ పెట్టిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో తీరింది. తెలంగాణలో ఎంబీబీఎస్ స్థానిక కోటాకి 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ అక్కడే చదవాలన్న నిబంధనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 8వ తరగతి అయ్యేలోగా వెళ్తే సరే. 9 గానీ 10 గానీ ఇక్కడ చదివించి మారిస్తే అక్కడ నాలుగేళ్లు నిండవు.

హైదరాబాద్ వైపు బలమైన మాట ఒకటుంది: రెండో జీతం. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం దొరికితే పై లెక్కంతా తిరగబడుతుంది, అప్పుడు ఆలోచించక్కర్లేదు, వెళ్లండి. ఇంకొకటి, భీమవరం జీతాలు రొయ్య మీద ఆధారపడ్డవి. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. ఒక్క జీతం, ఊళ్లో పెద్దవాళ్లు అయితే మాత్రం 8 లక్షలకి కదలడం దండగ.

విజయవాడ, విశాఖల్లో అద్దె తక్కువ, జీతమూ తక్కువే. పిల్లల సీట్లకి స్థానికత మాత్రం మారదు, భీమవరంలాగే రెండూ ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోవే. బెంగళూరులో అద్దె ఇంటికి అడ్వాన్సు ఎంతని అడిగితేనే గుండె గుభేలుమంటుంది.

వెళ్లాలనే నిర్ణయిస్తే సామాను ఒకేసారి ఎత్తకండి. ప్రొబేషన్ అయ్యేదాకా హాస్టల్లో ఒక్కరే ఉండి, మూడు నెలల పే స్లిప్పులు చూసుకుని, పిల్లల టీసీలు మే నెలలో తీసుకోండి.